ఘంటసాల పాటను స్వింగ్ యుగళగీతంగా మారిస్తే అందులోని ప్రేమ నిలుస్తుందా?

సుబేదారి_స్వరం
వచ్చే నెలలో హనుమకొండలో మా మిత్రుడి పెళ్లి రిసెప్షన్ ఉంది. ఆ వేదిక మీద పాడడానికి మా చిన్న బృందం 1962 నాటి ‘ఆరాధన’ చిత్రంలో ఘంటసాల పాడిన ‘నా హృదయంలో నిదురించే చెలీ’ పాటను ఎంచుకుంది. పెళ్లికొడుకు తండ్రికి ఆ పాటంటే ప్రాణం కాబట్టి ఎంపిక గురించి చర్చ లేదు, చిక్కంతా పాడే తీరులోనే ఉంది. మా కీబోర్డు కళాకారుడు దీనిని జాజ్ సంగీతంలోని స్వింగ్ నడకలోకి మార్చి, ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు కలిసి పాడే యుగళగీతంగా చేద్దామన్నాడు. కీబోర్డులో సిద్ధంగా ఉన్న ‘బిగ్ బ్యాండ్’ స్టైల్ నొక్కి, వేగాన్ని నిమిషానికి 140 దెబ్బలకు పెట్టి సాధన చేశాం. హుషారుగానే ఉంది, వింటున్నవాళ్ల కాళ్లు కూడా ఆడుతున్నాయి, కానీ పాటలోని ప్రేమ మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. నెమ్మదైన ప్రేమ పాటను స్వింగ్‌లోకి మార్చినప్పుడు దాని ఆర్ద్రతను నిలబెట్టే దారి ఏమైనా ఉందా? ఒక్కరు పాడిన పాటను ఇద్దరికి ఎలా పంచాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పద్మాక్షి_గుట్ట
వేగం 140 అన్నారు కదా, ఆ ప్రేమ ఈపాటికి కాజీపేట జంక్షన్ దాటి ఉంటుంది.

ఓరుగల్లు_వీణ
దారి ఉందా అని అడిగారు, అసలు ఆ దారిన ఎందుకు వెళ్లాలన్నది నా ప్రశ్న. శ్రీశ్రీ రాసి, సాలూరి రాజేశ్వరరావు స్వరపరచిన ఈ పాటలో ప్రేయసి ఎదుట ఉన్నా లేకపోయినా ఆమె హృదయంలో నిద్రిస్తున్నదన్న ఊహే ప్రాణం. నిద్రిస్తున్న మనిషిని తలచుకుంటూ పాడేవాడు గొంతు తగ్గించి పాడతాడే గానీ డ్రమ్ములు మోగించి పాడడు. రెండవ అభ్యంతరం ఇంకా బలమైనది. ఆమెకు కూడా గొంతు ఇచ్చి పక్కన నిలబెట్టారంటే ఆమె నిద్ర లేచినట్టే, ఆమె లేచిన తరువాత ఆ పాటకు పని లేదు. యుగళగీతాలుగానే పుట్టిన పాటలు మన పాత చిత్రాల్లో వందల కొద్దీ ఉన్నాయి, వాటిలో ఒకదానిని తీసుకొని మీకు నచ్చిన నడకలో పాడుకోండి.

పరకాల_పాఠకుడు
వీణ గారి మాటను గౌరవిస్తూనే ఒక విషయం గుర్తుచేయాలి. ‘ఆరాధన’ చిత్రమే 1956 నాటి బెంగాలీ ‘సాగరిక’కు తెలుగు రూపం, ఈ పాట బాణీ కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఒకసారి ఊరు మారి వచ్చి మన ఇంటి మనిషైపోయిన బాణీని మరొకసారి ప్రయాణం చేయవద్దని ఆపడం ఎలా?

ఓరుగల్లు_వీణ
పరకాల గారూ, అప్పుడు మారింది భాష ఒక్కటే. నడక మారలేదు, భావం మారలేదు, ఒక్కడే పాడాడన్న సంగతి కూడా మారలేదు. ఇక్కడ మిత్రులు మార్చదలచినవి సరిగ్గా ఆ మూడే.

కాజీపేట_కీబోర్డు
నేను చర్చి గాయక బృందానికి, ఆర్కెస్ట్రాలకు చాలాకాలంగా కీబోర్డు వాయిస్తున్నాను. సుబేదారి గారి బృందం చిక్కుకున్నది పాటలో కాదు, వేగం గురించిన ఒక అపోహలో. స్వింగ్ అంటే హుషారైన వేగమని చాలామంది అనుకుంటారు. 1930ల మధ్యలో అమెరికాలో ఆ సంగీతం నాట్యశాలల్లో వెలిగింది కాబట్టి ఆ అభిప్రాయం ఏర్పడింది. 1935 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని పాలొమార్ నాట్యశాలలో బెన్నీ గుడ్‌మన్ బృందం యువతను ఊపేసిన సంగతినీ, 1938 జనవరిలో అదే బృందం కార్నెగీ హాల్‌లో కూర్చొని వినే శ్రోతల ముందు కచేరీ చేసిన సంగతినీ ఆ చరిత్ర చదివినవారు తప్పక ప్రస్తావిస్తారు. కూర్చొని వినదగినదిగా అది నిలబడిందంటే దానిలో ఊపు ఒక్కటే లేదని అర్థం.

నెమ్మదైన పాట స్వింగ్‌గా మారడానికి మంచి ఉదాహరణ ‘ఫ్లై మీ టు ద మూన్’. బార్ట్ హోవర్డ్ 1954లో దానిని మూడు దెబ్బల వాల్ట్జ్‌గా రాశాడు. పదేళ్ల తరువాత, 1964లో, కౌంట్ బేసీ బృందంతో ఫ్రాంక్ సినాత్రా పాడినప్పుడు క్విన్సీ జోన్స్ దానిని నాలుగు దెబ్బల స్వింగ్‌లోకి మార్చాడు. ఈరోజు చాలామందికి ఆ రెండవ రూపమే అసలు పాట అన్నంతగా తెలుసు. సినాత్రా పాడిన తీరును గమనించండి. కింద వాద్యాలు నడుస్తూనే ఉంటాయి, ఆయన మాత్రం ఎక్కడా పరుగెత్తడు, కొన్ని మాటలను దెబ్బ దాటిన తరువాత తీరికగా వేస్తాడు.

మీరు చేయవలసినది కూడా అదే. పాట వేగాన్ని పెంచవద్దు. ఇప్పుడు గాయకుడికి నిమిషానికి 64 దెబ్బల నడక హాయిగా ఉందనుకుందాం. కింద బేస్, డ్రమ్ములు 128లో నడవాలి, గాయకుడు మాత్రం తన పాత 64లోనే ఉండాలి. ఒక దెబ్బ కాలంలో కింద రెండు అడుగులు పడతాయి, పైన మాట ఒక్కటే ఉంటుంది. బేస్ ప్రతి అడుగుకూ ఒక స్వరం మారుస్తూ ఎక్కుతూ దిగుతూ నడుస్తుంది, దానినే ‘వాకింగ్ బేస్’ అంటారు. బేస్ గిటారు లేకపోతే కీబోర్డు ఎడమచేతితోనే వాయించవచ్చు. ఇక సిద్ధంగా ఉన్న ‘బిగ్ బ్యాండ్’ స్టైల్‌ను మాత్రం దయచేసి కట్టేయండి. అందులో ప్రతి నాలుగు దెబ్బలకూ ట్రంపెట్లు వచ్చి గాయకుడి మాట మీద పడతాయి.

జనగామ_జాజి
నాకు సంగీతం వినడమే తప్ప శాస్త్రం తెలియదు. నాలుగు దెబ్బల పాట, నాలుగు దెబ్బల స్వింగ్ రెండూ నాలుగే అయినప్పుడు తేడా ఎక్కడ వస్తుంది? మన తాళాల భాషలో ఎవరైనా చెప్పగలరా?

మడికొండ_లయ
తేడా దెబ్బల సంఖ్యలో లేదు జాజి గారూ, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఖాళీని పంచుకోవడంలో ఉంది. మామూలు చతురశ్ర నడకలో దెబ్బను రెండుగా చీలిస్తే రెండు సమాన భాగాలు వస్తాయి. స్వింగ్‌లో దెబ్బను లోలోపల మూడుగా, అంటే తిశ్రంగా భావిస్తారు. ‘తకిట’ అని నోటితో చెప్పుకుంటూ ‘కి’ని మింగేసి, ‘త’ను దాని చోటు వరకు సాగదీసి, ‘ట’ను మాత్రం పైకి పలకండి. ‘తా-ట, తా-ట, తా-ట, తా-ట’ అని వచ్చే ఆ ఒరవడే స్వింగ్‌కు మూలం. వేగం బాగా పెరిగినప్పుడు ఈ రెండు భాగాలూ సమానానికి దగ్గరవుతాయి, తగ్గినప్పుడు తేడా స్పష్టంగా వినిపిస్తుంది. కీబోర్డు గారు చెప్పిన వేగంలో తిశ్రం చక్కగా వినిపిస్తుంది.

దీనికి తోడు ఒత్తు పడే చోటు కూడా మారుతుంది. మనం ఆది తాళంలో సమం, అంటే మొదటి దెబ్బ, మీద బరువు వేస్తాం, వాళ్లు రెండవ దెబ్బ మీద, నాలుగవ దెబ్బ మీద హై-హ్యాట్‌ను, అంటే డ్రమ్ముల పక్కన కాలితో నొక్కే జంట తాళాలను, మూసి చిన్న చప్పుడు చేస్తారు. మిగిలినదంతా దాని చుట్టూ అల్లుకుంటుంది.

పద్మాక్షి_గుట్ట
మన రిసెప్షన్లలో జనం చప్పట్లు మొదటి దెబ్బకూ మూడవ దెబ్బకూ కొడతారు. అప్పుడు మీ డ్రమ్మర్‌కూ పెళ్లివారికీ మధ్య పంచాయితీ తప్పదు.

మడికొండ_లయ
హాస్యానికి అన్నా అది నిజమైన ఇబ్బందే. పాట మొదలయ్యే ముందు నాలుగు ఆవర్తనాల పాటు గాయకులిద్దరూ రెండవ, నాలుగవ దెబ్బల మీద చిటికెలు వేస్తే జనం దానినే పట్టుకుంటారు. చిటికె వేసేవారిని చూస్తూ వేరే దెబ్బ మీద చప్పట్లు కొట్టడం ఎవరికీ తోచదు.

జమ్మికుంట_ఛందస్సు
తెలుగు పాఠాలు చెప్పేవాడిగా ఈ ‘తా-ట’ లెక్క చూసి ఊరుకోలేకపోతున్నాను. రెండు మాత్రల గురువు, దాని వెనుక ఒక మాత్ర లఘువు ఉంటే దానిని మనం ‘హ’గణం అంటాం, అది సూర్యగణాలలో ఒకటి. రెండవ సూర్యగణమైన ‘న’గణంలో మూడు లఘువులు ఉంటాయి, అదే ‘తకిట’. అంటే స్వింగ్‌లోని ఒక్కొక్క దెబ్బ ఒక్కొక్క సూర్యగణమన్నమాట. ఆటవెలది రెండవ, నాలుగవ పాదాల్లో వరుసగా ఐదు సూర్యగణాలు వస్తాయి. వాటిని గట్టిగా చదివితే వచ్చే ఊగులాట మనకు బడి నాటి నుంచి తెలిసినదే. కాబట్టి ఈ నడక తెలుగు నోటికి పరాయిది కాదు.

అయితే ప్రమాదం ఇక్కడే ఉంది. తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పోతే మాట చెడిపోతుంది. ‘నిదురించే’ అన్న మాటను తీసుకోండి. ‘ని’, ‘దు’ రెండూ లఘువులు, ‘రిం’, ‘చే’ గురువులు. స్వింగ్ అలవాటులో ‘ని’ని దెబ్బ మీద వేస్తే అది రెండు మాత్రలు సాగి ‘నీదు’ అవుతుంది. వినేవారికి నిద్ర పోయి ‘నీది’ మిగులుతుంది. ఆంగ్ల పాటలు వినివిని తెలుగు పాడే పిల్లల్లో ఈ సాగదీత తరచుగా వినబడుతోంది, నాకది పంటి కింద రాయిలా తగులుతుంది.

దీనికి విరుగుడు మాటను దెబ్బకు ముందుకు జరపడమే. మొదటి దెబ్బ మీద ‘నా’ వేసి, దానిని రెండవ దెబ్బలోని ‘త’ చోటు వరకు నిలపండి. ‘కిట’ చోట్లలో ‘హృద’ను చకచకా పలికి, మూడవ దెబ్బ మీద ‘యం’, నాలుగవ దెబ్బ మీద ‘లో’ పెట్టండి. తరువాతి ఆవర్తనంలో మొదటి దెబ్బలోని ‘త’ను ఖాళీగా వదిలి, ‘కిట’లో ‘నిదు’ వేసి, రెండవ దెబ్బ మీద ‘రిం’, మూడవ దెబ్బ మీద ‘చే’ వేయండి. ఆ మూడవ దెబ్బ చివరి ‘ట’లో ‘చె’ తగిలించి నాలుగవ దెబ్బ మీద ‘లీ’ని నిలపండి. ఏ లఘువూ సాగలేదు, ఏ గురువూ కుంచించుకుపోలేదు, స్వింగ్ కూడా చెడలేదు. ఇక పాట మొత్తాన్ని ఈ విధంగానే కాగితం మీద గురులఘువులు గుర్తించి పంచుకోండి.

కాజీపేట_కీబోర్డు
ఛందస్సు గారూ, మీరు రాసిన పంపిణీని ఇప్పుడే కీబోర్డు మీద వాయించి చూశాను. చక్కగా ఉంది. ముఖ్యంగా ‘నిదు’ ముందు ఆ ‘త’ ఖాళీ వల్ల గాయకుడు ఊపిరి తీసుకుంటున్నట్టు వినబడుతోంది. ఒక్క సవరణ చెబుతాను. మీ లెక్క ప్రకారం అంతా 128లో పడితే పాట తొందరగా గడిచిపోతుంది. కాబట్టి పల్లవిలో ప్రతి ఆవర్తనం తరువాత ఒక ఆవర్తనాన్ని వాద్యానికి వదలండి. గాయకుడి మాట, దానికి వాద్యం జవాబు, మళ్లీ మాట అన్నట్టుగా సాగితే పాత పాట కాలమే తిరిగి వస్తుంది.

జనగామ_జాజి
ఆటవెలదిని ఇప్పుడు చిటికెలు వేస్తూ చదివి చూశాను. వేమన పద్యం అచ్చంగా ఊగుతోంది. మా ఇంట్లో అందరూ నా వైపు వింతగా చూస్తున్నారు.

లష్కర్‌బజార్_లలిత
ఇద్దరికి పంచడం గురించి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి నేను చెబుతాను. ఒక్కరు పాడిన పాట మాట మారకుండానే యుగళగీతమైన ప్రసిద్ధ సందర్భం ‘అన్‌ఫర్‌గెటబుల్’. నాట్ కింగ్ కోల్ 1951లో దానిని ఒంటరిగా పాడాడు, 1965లో మరణించాడు. ఆయన కుమార్తె నటాలీ కోల్ 1991లో తండ్రి పాత గొంతుకు తన గొంతును జతచేసి రికార్డు చేసింది. అది స్వింగ్ కాదు, నెమ్మదిగా సాగే పాటే. అయినా అక్కడ నేర్చుకోవలసినది ఒకటుంది. ఇద్దరూ ఒకరికొకరు సమాధానాలు చెప్పుకోలేదు. అవే మాటలను ఇద్దరూ తమ తమ వైపు నుంచి పాడారు.

వీణ గారు అన్నట్టు ఆమెకు కొత్త మాటలిచ్చి జవాబు చెప్పిస్తే పాట చెడుతుందని నేనూ అంటాను. కానీ ‘నా హృదయంలో’ అని ఆమె కూడా పాడితే తప్పేముంది? ఆమె హృదయంలో కూడా ఎవరో నిద్రిస్తూ ఉండవచ్చు. ‘చెలి’ అన్న మాటను మగవాడికి మార్చి ఏ ‘సఖుడ’నో పెట్టవలసిన అవసరం కూడా లేదు. ఘంటసాల పాటలను స్త్రీలు ఉన్నవి ఉన్నట్టుగా పాడుకోవడం మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, విన్నవారెవరూ అయోమయపడలేదు.

ఓరుగల్లు_వీణ
లలిత గారి ఆలోచన నేను ఊహించిన దానికంటే మెరుగ్గా ఉంది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. తండ్రి లేని లోటులో కుమార్తె గొంతు కలపడం వేరు, పెళ్లి వేదిక మీద ఇద్దరు గాయకులు పక్కపక్కన నిలబడి నవ్వుకుంటూ అవే మాటలు పాడడం వేరు. అక్కడ ఎడబాటు ఉంది, ఇక్కడ ఎడబాటును మీరు నటించవలసి వస్తుంది.

లష్కర్‌బజార్_లలిత
అయితే పక్కపక్కన నిలబెట్టకండి. వేదికకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి, చివరి పల్లవి వరకు ఒకరి వైపు ఒకరు చూడకుండా పాడండి. ఖర్చు లేని పని.

సుబేదారి_స్వరం
ఇది మాకు చాలా నచ్చింది. ఇప్పుడు శ్రుతి గురించిన ఇబ్బంది చెప్పాలి. మా గాయకుడికి రెండు శ్రుతి, గాయనికి ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటాయి. ఒకే శ్రుతిలో పాడితే ఎవరో ఒకరు కష్టపడుతున్నారు. మధ్యలో నాలుగు శ్రుతి పెట్టి చూశాం, ఇద్దరికీ కష్టమైంది.

కాజీపేట_కీబోర్డు
గాయకుడిని అర మెట్టు పైకి, రెండున్నరకు తీసుకురండి, గాయనిని ఐదున్నరలోనే ఉంచండి. పాశ్చాత్య స్వరాల పేర్లలో రెండున్నర అంటే ఈ ఫ్లాట్ (E♭), ఐదున్నర అంటే ఏ ఫ్లాట్ (A♭). ఈ రెండింటి మధ్య షడ్జమం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత దూరం ఉంటుంది. అందువల్ల శ్రుతి మార్పు అతి సహజంగా జరుగుతుంది. గాయకుడు పల్లవి ముగించిన చోట మామూలు ఈ ఫ్లాట్ కార్డుకు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపుకు, బదులు కైశికి నిషాదం కలిపి ఈ ఫ్లాట్ సెవెంత్ వాయించండి. అది చెవికి అసంపూర్తిగా తోచి, తనంతట తానే ఏ ఫ్లాట్‌లోకి దిగుతుంది. అక్కడ గాయని చరణం అందుకుంటుంది. తిరిగి గాయకుడి శ్రుతికి రావడానికి బి ఫ్లాట్ సెవెంత్ ఒక ఆవర్తనం వాయిస్తే చాలు.

చివరి పల్లవి ఇద్దరూ కలిసి పాడేది కాబట్టి గాయకుడి శ్రుతిలో పెట్టి, గాయని చేత మూలస్వరానికి మూడవ మెట్టు పైన సమాంతరంగా పాడించండి. ఆ చివరి పల్లవి తప్ప మరెక్కడా ఇద్దరి గొంతులూ కలవకూడదు. జాజ్ గాయకులు ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1956లో కలిసి చేసిన రికార్డును వింటే ఈ ఓపిక విలువ తెలుస్తుంది. ఒకరు తీరికగా పాడి ముగించిన తరువాతే రెండవవారు అందుకుంటారు.

కరీంనగర్_తీగ
మా గిటారు వాళ్లకు ఈ ఫ్లాట్ అనగానే జ్వరం వస్తుంది. రెండు శ్రుతిలోనే ఉంచితే డి, జి కార్డులతో సుఖంగా వాయించుకుంటాం కదా.

గిర్మాజీపేట_బ్యాండు
గిటారు సుఖం చూస్తే గాలి వాద్యాలు చచ్చిపోతాయి. మాది బ్యాండు మేళం కుటుంబం. స్వింగ్ అంటున్నారు కాబట్టి క్లారినెట్ లేకుండా ఎలా చేస్తారు? బెన్నీ గుడ్‌మన్ వాయించినది క్లారినెట్టే. మన వరంగల్ పెళ్లి ఊరేగింపుల్లో మోగే క్లారినెట్, ట్రంపెట్, సాక్సోఫోన్‌లనే వాళ్ల బృందాలూ వాయించాయి. మీ కీబోర్డులోని నకిలీ క్లారినెట్ మోతకంటే మా మేళంలోని మనిషి ఊదే ఒక్క పలుకు మేలు.

మా క్లారినెట్, ట్రంపెట్ బి ఫ్లాట్ వాద్యాలు. మేము ‘సి’ అని వేలు పెడితే బయటికి బి ఫ్లాట్ వినబడుతుంది. మీరు డిలో పాడితే మేము ఈలో వాయించాలి, అందులో నాలుగు షార్పులు ఉంటాయి. మీరు ఈ ఫ్లాట్‌లో పాడితే మాకు ఎఫ్, ఏ ఫ్లాట్‌లో పాడితే మాకు బి ఫ్లాట్. రెండూ మేము రోజూ వాయించేవే. ఆల్టో సాక్సోఫోన్ ఈ ఫ్లాట్ వాద్యం కాబట్టి దానికి వరుసగా సి, ఎఫ్ వస్తాయి, అంతకంటే సులువు లేదు. కీబోర్డన్న చెప్పిన శ్రుతులు మా కోసమే చెప్పినట్టున్నాయి.

కాజీపేట_కీబోర్డు
తీగ తమ్ముడూ, మొదటి మెట్టు మీద కేపో, అంటే తీగలన్నిటినీ అదిమిపట్టే క్లిప్పు, బిగించి నీ పాత డి, జి కార్డులే వాయించు. బయటికి ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్ వినబడతాయి, జ్వరం కూడా తగ్గుతుంది. అయితే పట్టు మాత్రం మార్చాలి. కౌంట్ బేసీ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ దశాబ్దాల పాటు చేసిన పని ఏమిటంటే ఆవర్తనానికి నాలుగు దెబ్బలు, నాలుగూ కిందికే, ప్రతి దెబ్బ తరువాత ఎడమచేతి వేళ్లు కొంచెం సడలించి తీగ మోతను ఆపేయడం. గిటారు విడిగా వినబడకూడదు, ఆపేస్తే మాత్రం ఏదో పోయిందనిపించాలి.

సుబేదారి_స్వరం
మా తబలా కళాకారుడు ఏం చేయాలి? తిశ్రమన్న మాట వినగానే ఆయన దాద్రా ఎత్తుకున్నాడు. పాట వెంటనే జోలపాటలా మారిపోయింది.

మడికొండ_లయ
దాద్రాలో ఆరు మాత్రలకు ఒకసారి సమం వచ్చి కూర్చుంటుంది, అందువల్ల ఊయల ఊగినట్టు ఉంటుంది. స్వింగ్‌లో మూడు మూడు మాత్రల అడుగులు నాలుగు పడతాయి, ఏ అడుగు మీదా కూర్చోకూడదు. ఆయనను ఎడమచేతి వైపు ఉండే బాయ మీద చేయి వేయవద్దనండి. కుడిచేతి వైపు ఉండే దాయా మీద ‘తా-ట’ నడకను చిటికెన వేలి బరువుతో వాయించి, రెండవ, నాలుగవ దెబ్బల మీద మాత్రం ‘నా’ మోగించమనండి. చరణాల మధ్య వాద్యభాగంలో బాయ తెరవవచ్చు. ఇది ఆయనకు చప్పగా అనిపిస్తుంది, మొదట కోపం కూడా వస్తుంది.

భీమారం_వాన
మొదటి పల్లవిని పాత పద్ధతిలో, తాళం లేకుండా, కీబోర్డు మాత్రమే పెట్టుకొని పాడి, రెండవసారి పల్లవికి డ్రమ్ములతో స్వింగ్‌లోకి దూకితే ఎలా ఉంటుంది? పాత పాట అభిమానులకూ తృప్తి కలుగుతుంది, కుర్రకారుకూ తృప్తి కలుగుతుంది.

లష్కర్‌బజార్_లలిత
టీవీ పాటల పోటీల్లో ఈ ‘మొదట నెమ్మదిగా, తరువాత దూకుడుగా’ అన్న పద్ధతి అరిగిపోయింది. పైగా అలా చేస్తే అసలు పాట ముందు వినబడి, తరువాత వచ్చేదంతా దాని మీద వేసిన వేషంలా కనిపిస్తుంది. మొదటి పలుకు నుంచే మీ నడకను నమ్మండి.

ఓరుగల్లు_వీణ
ఈ ఒక్క విషయంలో నేను లలిత గారి పక్షం. మార్చదలిస్తే పూర్తిగా మార్చండి, సగం సగం వద్దు. మార్చకపోవడం ఇంకా మంచిదని నేను ఇప్పటికీ అంటాను.

భీమారం_వాన
సరే, దూకుడు వద్దనుకుందాం. కానీ పెళ్లికొడుకు తండ్రి తన పాటను గుర్తుపట్టడానికైనా ఏదో ఒక ఆనవాలు ఉండాలి కదా. పాత పాటలోని వాద్యభాగాన్ని క్లారినెట్‌తో మొదట నాలుగు ఆవర్తనాలు ఊదిస్తే, నడక కొత్తదైనా పాట పాతదేనని ఆయనకు తెలుస్తుంది.

గిర్మాజీపేట_బ్యాండు
అది బాగుంటుంది. గమకాలు తగ్గించి, ఊపిరి ఎక్కువ, మోత తక్కువగా ఊదాలి.

హంటర్‌రోడ్డు_వకీలు
ఒక హెచ్చరిక. వేదిక మీద పాడడం వరకు పెద్ద చిక్కు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మతపరమైన వేడుకలకు ఇచ్చిన మినహాయింపు కింద పెళ్లి ఊరేగింపులు, పెళ్లికి సంబంధించిన ఇతర సామాజిక వేడుకలు కూడా వస్తాయని వివరణ ఉంది. దాని పరిధి గురించి వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి కాబట్టి ఫంక్షన్ హాలు వారితో ముందుగా మాట్లాడుకోండి. అసలు చిక్కు మీరు దానిని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు మొదలవుతుంది.

‘1962 పాట కదా, 60 ఏళ్లు దాటింది, అందరి సొత్తే’ అన్న మాట తరచుగా వినబడుతుంది. 60 ఏళ్ల తరువాత 2022 చివరితో గడువు ముగిసినది ఆ పాత ధ్వనిముద్రణకు. సాహిత్యానికీ, స్వరరచనకూ ఆ రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్కిస్తారు. శ్రీశ్రీ 1983లో, రాజేశ్వరరావు 1999లో మరణించారు కాబట్టి మొదటిది 2043 వరకు, రెండవది 2059 వరకు రక్షణలో ఉంటాయి. పాత పాటను మళ్లీ పాడి రికార్డు చేసే కవర్ వెర్షన్లకు సెక్షన్ 31సి కింద ఒక దారి ఉంది, కానీ అందులో సాంకేతికంగా అవసరమైనవి తప్ప ఇతర మార్పులు హక్కుదారు సమ్మతి లేకుండా చేయకూడదు. మీరు చేస్తున్నదంతా మార్పే. కాబట్టి విడుదల చేయదలిస్తే హక్కుదారు నుంచి నేరుగా అనుమతి తీసుకోండి.

పరకాల_పాఠకుడు
వకీలు గారూ, కొత్త పెళ్లికూతురి బంధువుల్లో నలభై మంది ఫోన్లలో తీసి పెడతారు, వారిని ఎవరు ఆపుతారు?

హంటర్‌రోడ్డు_వకీలు
ఆపమని నేను చెప్పలేదు. బృందం తన పేరుతో పెట్టే దాని గురించి మాత్రమే చెప్పాను. మాటలు మార్చవద్దన్న లలిత గారి సలహా చట్టం వైపు నుంచి కూడా మంచిదే. రచనను వక్రీకరించారని, దాని వల్ల తన ప్రతిష్ఠకు భంగం కలిగిందని రచయిత అడ్డుచెప్పగల హక్కు సెక్షన్ 57లో ఉంది. రచయిత తరఫున వారసులు కూడా దానిని వాడుకోవచ్చు.

సుబేదారి_స్వరం
మీ అందరి సూచనల ప్రకారం నిన్న సాధన చేశాం. బేస్ 128లో, గాయకులు 64లో ఉన్నప్పుడు మొదట గాయకుడు తడబడి వాద్యాల వెంట పరుగెత్తాడు, తరువాత నడక పట్టుకున్నాడు. శ్రుతి మారే చోట గాయని అందుకోగానే గదిలో ఉన్నవాళ్లు తలెత్తి చూశారు. తబలా ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఇక మిగిలినది ముగింపు. ఎలా ఆపాలో తెలియక కీబోర్డు వాయించే అబ్బాయి పెద్ద కార్డు మోగించి చేతులెత్తేస్తున్నాడు.

కాజీపేట_కీబోర్డు
బేసీ ముగింపు పెట్టండి. ఇద్దరూ చివరి మాట పాడి ఆపగానే అన్ని వాద్యాలూ ఆగిపోవాలి. ఒక దెబ్బ నిశ్శబ్దం. తరువాత కీబోర్డు పై స్థాయిలో మూడు చిన్న కార్డులు మెత్తగా, విడివిడిగా తట్టి, చివరన బేస్ ఒక్క స్వరం. అంతే.

మడికొండ_లయ
మూడుసార్లు తట్టి ముగించడం తబలా ఆయనకు తిహాయీగా పరిచయమే. ఆ మూడింటినీ ఆయన చేత కూడా వాయింపిస్తే కోపం కొంత చల్లారవచ్చు.

ఓరుగల్లు_వీణ
గాయకులిద్దరూ చివరి పల్లవి దాకా ఒకరినొకరు చూసుకోకూడదన్న నియమాన్ని సాధనలో పాటించారా, లేక వదిలేశారా?

సుబేదారి_స్వరం
పాటించారు వీణ గారూ. మీరు వచ్చి వింటే సంతోషిస్తాం, నచ్చకపోతే అక్కడే చెప్పండి. గిర్మాజీపేట అన్నా, క్లారినెట్‌కు మీ మేళం నుంచి ఒకరిని పంపగలరా? కార్యక్రమం రాత్రి ఎనిమిది గంటలకు.

గిర్మాజీపేట_బ్యాండు
అది ముహూర్తాలున్న వారమైతే ఎనిమిదింటికి మా వాళ్లంతా ఏదో ఒక బారాత్‌లో ఉంటారు. పాటను ఏడింటికి జరిపించండి, భోజనాలు కూడా అప్పటికి మొదలుకావు కాబట్టి వినేవాళ్లు ఉంటారు. తేదీ, హాలు పేరు నాకు విడిగా పంపండి. స్వరం కాగితం మీద ‘ఈ ఫ్లాట్’ అని రాయకుండా మా వాడికి నేరుగా ‘ఎఫ్’ అని రాసి ఇవ్వండి.